మంచులో పలికే ఫోను

నర్సు బ్రిజెట్ విషయాన్ని సాగదీయలేదు. శుక్రవారం మధ్యాహ్నంలోగా ఇంట్లో ఫోను పనిచేస్తున్నట్టు కాగితం వస్తే క్లిఫర్డ్ మెట్‌కాఫ్ ఇంటికి వెళతాడు. రాకపోతే పట్నంలోని నర్సింగ్ హోముకి వెళతాడు. ఆ మంచం ఆసుపత్రికి కావాలి.

"అక్కడ ఎన్నాళ్ళుండాలి?" అని అడిగింది ఆయన భార్య బ్రెండా.

బ్రిజెట్ చేతిలో కాగితాలు సర్దుకుంటూ, "వారాలే అనుకోండి," అంది. "ఎక్కడున్నా వారాలే."

క్లిఫర్డ్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. చిన్నప్పుడు పదేళ్ళు రాళ్ళ క్వారీలో, ఆ తర్వాత నలభై ఏళ్ళు కొండల మీద సున్నం లేని రాతిగోడలు కడుతూ గడిపిన మనిషి. ఇప్పుడు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. ఆ గొట్టం ఇంటికీ వస్తుంది, యంత్రం కూడా వస్తుంది. మెడలో ఒక మీట వేస్తారు. యంత్రం ఆగినా, ఊపిరి అందకపోయినా ఆ మీట నొక్కితే ఫోను లైను గుండా సాయం చేసేవాళ్ళకి కబురు వెళుతుంది. స్కెల్‌బెక్ లోయలో సెల్‌ఫోను పలకదు కాబట్టి ఉన్న దారి ఆ లైనొక్కటే.

ఆ లైను క్రిస్మస్ వానలప్పుడు పోయింది. ఆరు వారాలైంది.

"మన కిటికీలోంచి కొండ కనపడుతుంది," అన్నాడు క్లిఫర్డ్ కళ్ళు తెరవకుండానే. "ఇక్కడ్నించి కార్లు నిలబెట్టే చోటు కనపడుతోంది. నేను చూసేది అదే అయితే చూడటం మానేస్తా పిల్లా."

అరవై ఆరేళ్ళ బ్రెండాని పిల్లా అని పిలిచేది ఆయనొక్కడే.

ఇందులో క్లిఫర్డ్ తప్పు కూడా కొంత ఉంది. మూడేళ్ళ క్రితం, వేగమైన ఇంటర్నెట్ ఇస్తామని చెప్పి ఇవ్వలేదని పెద్ద కంపెనీ మీద కోపం వచ్చి, ఆయన చిన్న కంపెనీకి మారిపోయాడు. కంపెనీ మారితే తీగ కూడా మారుతుందనుకున్నాడు. లోయలో సగం మంది అలాగే అనుకున్నారు. మారాక తెలిసింది, అదే తీగ, అదే స్తంభం, ఆ స్తంభం ఎక్కేది బ్రెండా తమ్ముడు రేమండే. దేశంలో తీగలన్నీ చూసుకునే విభాగం పెద్ద కంపెనీ కడుపులోనే ఉంది. చిన్న కంపెనీలన్నీ ఆ తీగల్నే అద్దెకి తీసుకుంటాయి. మారినందువల్ల వచ్చిన తేడా ఒక్కటే: తీగ చెడిపోతే తీగల వాళ్ళతో నేరుగా మాట్లాడే వీల్లేదు. తన కంపెనీకి చెప్పుకోవాలి. ఆ కంపెనీ తీగల విభాగానికి చెబుతుంది. తీగల విభాగం ఎవరితోనూ మాట్లాడదు.

బుధవారం పొద్దున బ్రెండా ఊరి చిన్న చర్చి చాపెల్ పక్కనున్న ఎర్ర ఫోను పెట్టెలోకి వెళ్ళి, ఎప్పటిలాగే ఇరవై రెండు నిమిషాలు లైనులో పాట విన్నాక, చిన్న కంపెనీలో కెల్లీ అనే అమ్మాయి పలికింది. ఆరు వారాల్లో కెల్లీ తగలడం ఇది నాలుగోసారి.

"మీ ఫిర్యాదు మూసేశారండీ," అంది కెల్లీ. "లైను టెస్టు చేశారు. బాగుందని వచ్చింది."

"బాగుంటే నేను ఫోను పెట్టెలో ఎందుకున్నానమ్మా?"

"అది నిజమేననుకోండి. కానీ మా దగ్గర బాగున్నట్టే కనపడుతోంది."

"టెస్టు ఎన్నింటికి చేశారో రాసి ఉందా?"

కొంచెంసేపు కీబోర్డు చప్పుడు. "ఐదూ యాభై. పొద్దున."

"అంతకు ముందుసారి?"

"అదీ ఐదూ యాభయ్యే. ఆ వేళకి మిషనే చేసేస్తుందండీ. జనవరి పధ్నాలుగున పట్నం నించి మనిషిని కూడా పంపారు. మీరు ఇంట్లో లేరని రాసుంది. వస్తున్నానని మీ సెల్లుకి మెసేజ్ పెట్టాడట."

సెల్లు లోయలో పలకదని బ్రెండా మళ్ళీ చెప్పలేదు. ఆ రోజు ఆ మనిషి తలుపు తట్టినప్పుడు తను ఎక్కడుందో నోటుపుస్తకం చూస్తే తెలిసింది. ఇదే పెట్టెలో నిలబడి, మనిషిని పంపమని ఇదే కంపెనీని అడుగుతోంది.

నోటుపుస్తకం అలవాటు బడి వంటగదిలో వచ్చింది. ఇరవై ఏడేళ్ళు పిల్లలకి వండిన మనిషి రోజుకి రెండుసార్లు ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో రాసి సంతకం పెట్టాలి. మాంసం పాడైతే ముందు అడిగేది ఆ పుస్తకమే. బడి మూసేశాక రాయడానికి ఫ్రిజ్ లేదు కాబట్టి ఆమె వాతావరణం రాయడం మొదలుపెట్టింది. ఫోను పోయినప్పటి నించి పక్కనే ఫోను సంగతీ రాస్తోంది. రిసీవరు ఎత్తి విన్న వేళ, వినపడిన చప్పుడు.

ఇంటికొచ్చి బల్ల మీద పుస్తకం తెరిచి, వేలు పెట్టి వరసగా చదివింది. ఐదో తారీఖు, ఏడు గంటలు, గట్టి మంచు, ఫోను పలికింది. అదే రోజు పదిన్నర, ఎండ, చచ్చిపోయింది. తొమ్మిదో తారీఖు, వాన, రోజంతా లేదు. పదహారు, మంచు, తెల్లవారి పలికింది, తొమ్మిదింబావుకి గరగర, పదింటికి లేదు.

ఇన్నాళ్ళూ రాసింది తనే. ఇవాళే చదివింది.

రేమండ్ వాగు అవతల ఉంటాడు. పెళ్ళాం పోయాక వంటింట్లో ఒక మూలే వాడుతున్నాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, వ్యాను బయట పెట్టి, రొట్టెలో జున్ను పెట్టుకుని తింటున్నాడు. బ్రెండా వెళ్ళి నోటుపుస్తకం అతని ముందు పెట్టింది.

చదివి, తినడం ఆపాడు. "వంతెన దగ్గర స్తంభం," అన్నాడు. "పైన అతుకు పెట్టెలోకి నీళ్ళు దిగాయి. గడ్డకట్టినంతసేపూ ఏమీ కాదు. కరిగితే రెండు తీగలూ తడిలో కలిసిపోతాయి."

"ఎంతసేపు పని?"

"అక్కా..."

"ఎంతసేపు పని అనే అడిగాను."

"ఎనిమిది నిమిషాలు. పది అనుకో."

"ఎల్లుండి మధ్యాహ్నం లోపల పది నిమిషాలు."

రేమండ్ లేచి కెటిల్ పెట్టాడు. అందులో అప్పటికే వేడి నీళ్ళున్నాయి. "పని చీటీ లేకుండా స్తంభం ఎక్కకూడదు. వ్యాను ఎక్కడ ఆగిందో వాళ్ళకి తెలుస్తుంది. పెట్టె తెరిస్తే తెలుస్తుంది. కిందటేడు డెరెక్ వాళ్ళమ్మ ఫోను బాగుచేశాడు. వాళ్ళమ్మది మీలాగే వేరే కంపెనీ. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం, ఒక్క పూటలో తీసేశారు. అన్ని కంపెనీల్నీ ఒకేలా చూడాలట, సొంతవాళ్ళకి ముందు చేయకూడదట. పైనున్న ప్రభుత్వం వాళ్ళతో చేసుకున్న ఒప్పందం అది."

"అందుకే కదా మీ తీగల విభాగాన్ని పెద్ద కంపెనీ నించి విడగొట్టమంటున్నారు."

"విడగొడితే ఆ రూలు పోతుందనుకుంటున్నావా? ఇంకో నాలుగు వస్తాయి." కప్పులో చక్కెర వేసి కలుపుతూనే ఉన్నాడు. "నాకింకా పద్ధెనిమిది నెలలుంది. నా పెన్షన్ వెనక నిలబడింది ఆ పెద్ద కంపెనీ. రేపు మమ్మల్ని విడిగా నిలబెడితే, వెనక ఎవరుంటారో ఒక్కడు చెప్పడు."

"తీగల మీద వచ్చిన డబ్బుతో టీవీలో ఆటలు చూపించే హక్కులు కొంటున్నారు రేమండ్. ఆ అతుకు పెట్టె ఎప్పుడు మార్చారు చివరిసారి?"

"తొంభై ఒకటిలో," అన్నాడు రేమండ్. "నేనే మార్చా."

బావ ఎలా ఉన్నాడని అతను అడగలేదు. అడిగితే తర్వాత మాట ఏం రావాలో అతనికి తెలుసు. బ్రెండా నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చిన రేమండ్, "నన్ను రెండోసారి అడక్కు అక్కా," అన్నాడు. "రెండోసారి అడిగితే ఎక్కుతాను."

అతను ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేదని బ్రెండా వాగు దాటేదాకా అనుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం చాపెల్ హాల్లో సమావేశం. తీగల విభాగం తల్లి కంపెనీలోనే ఉండాలా, విడిపోయి సొంత కంపెనీ కావాలా అన్న దాని మీద లోయ జనం ఏమంటారో వినడానికి ముగ్గురు వచ్చారు. టెలిఫోను వ్యవహారాల మీద పెత్తనం చేసే ప్రభుత్వ సంస్థ నించి ఒక అధికారి. తల్లి కంపెనీ ప్రాంతీయ మేనేజరు. అద్దెకి తీసుకునే చిన్న కంపెనీలన్నిటి తరఫున ఒక నీలం టై మనిషి. ఎప్పటిలాగే కుర్చీలు వేసింది, హామ్ శాండ్‌విచ్‌లు కోసింది బ్రెండాయే. సభ నడిపేది చాపెల్ పెద్ద మిసెస్ కాల్వర్ట్.

మొదటి గంటంతా ముగ్గురే మాట్లాడారు. కలిసుంటే పెట్టుబడి ఉంటుందని మేనేజరు. విడిపోతేనే అందరికీ న్యాయమని నీలం టై. రెండు వైపులా వింటున్నామని అధికారి.

గొర్రెల ఎర్నీ లేచాడు. "నా కొడుక్కి నలభై. ఇంకా అమ్మ దగ్గరే ఉంటాడు. బట్టలు అమ్మే ఉతుకుతుంది, జీతం అమ్మే తీసుకుంటుంది. సంబంధం అడిగితే ఏ పిల్లా ఒప్పుకోవట్లేదు. ఇదీ అంతేనా?"

హాలంతా నవ్వింది. వెనక వరసలో యూనిఫాం కోటు విప్పకుండా కూర్చున్న రేమండ్ మాత్రం నవ్వలేదు. "వాణ్ణి బయటికి పంపితే నీ ఇంటి కప్పు ఎవరు ఎక్కుతారు ఎర్నీ?" అన్నాడు. దానికీ నవ్వారు.

అప్పుడు మిసెస్ కాల్వర్ట్ బ్రెండా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఆరు వారాలుగా ఫోను లేనిది నీకే."

బ్రెండా టీ పాత్ర పక్కనే నిలబడి ఉంది. ఏప్రాన్ విప్పాలని అనిపించింది కానీ ముడి దొరకలేదు.

"విడిపోవాలో కలిసుండాలో నాకు తెలీదండీ," అంది. "మా ఆయన్ని శుక్రవారం ఇంటికి పంపాలంటే ఫోను పలకాలి. పలక్కపోతే ఆయన నర్సింగ్ హోములో పోతాడు. మా కంపెనీని అడిగితే తీగ మాది కాదంటుంది."

నీలం టై మనిషి ముందుకి వంగాడు. "సరిగ్గా మేం చెబుతున్నది అదేనండీ. తీగ మా చేతిలో లేదు."

"మీరు మా కస్టమర్ కాదు కదమ్మా," అన్నాడు మేనేజరు మర్యాదగానే. "మీ గురించి మీ కంపెనీ మాకు చెప్పాలి. నేను ముట్టుకుంటే పక్షపాతం అంటారు."

"విడివిడి కేసుల్లో మేం జోక్యం చేసుకోలేం," అన్నాడు అధికారి.

బ్రెండా ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. "ఆ కుర్చీలు సాయంత్రం నేనే వేశాను. హాలు చిన్నది కదా అని ఆనించి వేశాను. మీ మోచేతులు తగులుతున్నాయి. నా మాట ఈ కుర్చీ నించి ఆ కుర్చీకి రావడానికి ఆరు వారాలైంది, ఇంకా రాలేదు. ఇప్పుడు ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోండి. మేం బయటికి వెళ్ళమంటే వెళతాం."

ఎవరూ నవ్వలేదు. మేనేజరు మెడ దగ్గర ఎర్రబడింది.

"ఒక్కటే అడుగుతున్నాను," అంది బ్రెండా. "టెస్టు తెల్లవారి చేయకండి. తెల్లవారి మంచు గడ్డకట్టి ఉంటుంది, అప్పుడు లైను బాగుంటుంది. మధ్యాహ్నం చేయండి. చేసి, మనిషిని స్తంభం ఎక్కించండి. అతుకు పెట్టె చూస్తే తెలుస్తుంది."

"అతుకు పెట్టె అని మీకెవరు చెప్పారు?" అన్నాడు మేనేజరు.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. బ్రెండా అటు చూడలేదు.

"పుస్తకంలో రాసుకున్నాను," అంది.

మేనేజరు జేబులోంచి కార్డు తీసి దాని వెనక ఏదో రాసుకున్నాడు. నీలం టై అతని వైపు వంగి కంపెనీ పేరు చెప్పాడు. ఆ ఒక్క క్షణం బ్రెండాకి పని అయిపోయినట్టే అనిపించింది. ఇంటికి వెళ్ళాక క్లిఫర్డ్ దుప్పటి ఉతికి, పొయ్యి ముందు ఆరేసింది.

గురువారం పొద్దున కెల్లీ గొంతులో సంతోషం కూడా ఉంది. "చాలా పైనించి వచ్చిందండీ మీ ఫిర్యాదు. వెంటనే టెస్టు చేశారు."

"ఎన్నింటికి?"

"ఐదూ యాభై," అంది కెల్లీ, చిన్నగా. "బాగుందని వచ్చింది. మూసేశారు. మధ్యాహ్నం టెస్టు కోసం విడిగా ఒక కోరిక పెట్టారు. దానికి పది రోజులదాకా పట్టచ్చట. నేను చేయగలిగింది ఉంటే చేసేదాన్నండీ. మా అమ్మమ్మకీ ఆ మీటే ఉంది."

బ్రెండా రిసీవరు పెట్టేసి, పెట్టె గాజుకి నుదురు ఆనించి నిలబడింది. ఏడుపు రాలేదు. ఏడిస్తే పది రోజులు తొమ్మిది కావు. బయట గోడ మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. తొమ్మిది కావస్తోంది. ఎండ కొండ మీదకి వచ్చింది కానీ వాగు దాకా దిగలేదు.

ఆమె గోడనే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత మళ్ళీ రిసీవరు ఎత్తి, మీటలు బిగించే ఆఫీసుకి ఫోను చేసింది. శుక్రవారం పదకొండు నించి ఒంటిగంట మధ్య వస్తామన్నవాళ్ళు. పలికింది టానియా అనే అమ్మాయి. తనే వచ్చి బిగించేది.

"పొద్దున్నే రాగలవా అమ్మా? అందరికన్నా ముందు?"

"నా మొదటి పని ఎనిమిదిన్నరకి పట్నంలో ఉందండీ, దాన్ని వెనక్కి జరపాలి. మీ లోయ దాకా రావాలంటే ఏడింటికి బయల్దేరాలి. టిఫిన్ కూడా తినను."

"నేను పెడతాను," అంది బ్రెండా. "బేకన్, గుడ్డు, వేయించిన రొట్టె. ఇరవై ఏడేళ్ళు వంట చేశాను."

అవతల నవ్వు. "నలుగురికి చేసినంత పెడతారా?"

"ఐదుగురికి."

మధ్యాహ్నం ఇంటికి వెళుతుంటే వంతెన మీద రేమండ్ వ్యాను ఆగి ఉంది. అతను కిందికి దిగి, స్తంభం వైపు తలెత్తి చూస్తున్నాడు. ఎక్కే బూట్లు వేసుకుని ఉన్నాడు. బ్రెండా దగ్గరికొచ్చి నిలబడింది. అడగకూడదని నోరు గట్టిగా మూసుకుంది.

"మూసేశారట కదా," అన్నాడు రేమండ్.

"ఊఁ."

"నా దగ్గరికి చీటీ రాలేదు. పొద్దున్నించి చూస్తున్నా." బూటు కొనతో రాయిని తన్నాడు. "నువ్వు అడుగుతావేమో అని ఇక్కడ ఆగాను."

"అడగను. డెరెక్ ఇప్పుడేం చేస్తున్నాడు?"

"సూపర్‌మార్కెట్లో బళ్ళు తోస్తున్నాడు."

"అయితే అడగను. ఒకటి చెప్పు. ఈ స్తంభం మీదకి ఎండ ఎన్నింటికి వస్తుంది?"

రేమండ్ అక్క మొహంలోకి చూశాడు. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అతను కొండ అంచు వైపు తిరిగి, కళ్ళు చిట్లించి, తన ఉద్యోగమంతా చూసిన దాన్ని కొలిచి చెప్పాడు.

"ఈ నెలలో ఎనిమిదీ యాభైకి పైకొన తగులుతుంది. పెట్టె వేడెక్కి కరగడానికి ఇంకో పావుగంట. మబ్బు పడితే రాత్రే కరిగిపోతుంది, ఇక పొద్దున లేనట్టే." ఆగి, "అది ఆ మనిషిని మోసం చేయడమే అక్కా," అన్నాడు. "బావకి ఊపిరందనప్పుడు ఆ మీట పలకదు."

"తెలుసు. నేనుంటాను కదా."

"ఇరవై నాలుగ్గంటలూ?"

"నర్సింగ్ హోములో ఎంతమందుంటారు రాత్రి? ఒక్కత్తే కదా, ముప్ఫై మందికి."

రేమండ్ జేబులో తాళాల కోసం వెతికాడు. వ్యాను ఎక్కేముందు, "ఆకాశం తేటగానే ఉంది," అన్నాడు.

శుక్రవారం నాలుగింటికే లేచి కిటికీ తెరిచింది. చుక్కలు. ఐదింటికి రిసీవరు ఎత్తింది, పలికింది. ఆరింటికి పలికింది. ఏడున్నరకి పెనం వేడిచేసి బేకన్ పక్కన పెట్టుకుంది. ఎనిమిదైంది. టానియా రాలేదు. ఎనిమిదింబావు. కొండ తల మీద గీతలాగా పసుపు రంగు వచ్చింది. ఆమె గుమ్మంలోకీ పొయ్యి దగ్గరికీ తిరుగుతూ, చేతులు ఏప్రాన్‌కి తుడిచిందే తుడుస్తోంది. ఎనిమిదీ ముప్ఫై ఐదుకి చిన్న తెల్ల కారు వంతెన మీద జారుతూ జారుతూ వచ్చింది.

"రోడ్డు మీద ఉప్పే చల్లలేదండీ," అంది టానియా. ఇరవై ఐదేళ్ళుంటాయి. ముక్కు ఎర్రబడింది. "వాసన భలేగా ఉంది. ముందు తింటా."

"ముందు పని చేసెయ్యి తల్లీ. ఈలోగా వేయిస్తాను. వేడివేడిగా తినచ్చు."

మీట కబురు అందుకునే పెట్టెని గోడకి తగిలించి, ఫోను తీగ అందులో గుచ్చి, టానియా మోకాళ్ళ మీద కూర్చుని ఫారం తీసింది. "కొన్ని ప్రశ్నలున్నాయండీ. మీట మెడలో వేసుకోవడానికి ఆయనకి అభ్యంతరమా?"

"కాదు."

"తాళం చెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"మా తమ్ముడు రేమండ్ దగ్గర."

"గడిచిన నెల రోజుల్లో ఫోను ఎప్పుడైనా చెడిపోయిందా?"

పెనంలో బేకన్ అంచులు ముడుచుకుంటున్నాయి. బల్ల మీద నోటుపుస్తకం ఉంది. బ్రెండా దాని మీద పళ్ళెం పెట్టింది.

"లేదు," అంది.

టానియా టిక్కు పెట్టింది. మీట నొక్కింది. ఎనిమిదీ యాభై ఏడు. పెట్టె గుర్రుమని, కొంచెం ఆగి, ఎక్కడో దూరపు గదిలోంచి ఆడమనిషి గొంతు వచ్చింది. "నమస్తే మిస్టర్ మెట్‌కాఫ్, సాయం కావాలా?" ఆ గొంతు వెనక సన్నగా గరగర మొదలైంది. బ్రెండా గుడ్డు పెనంలో కొట్టి, గరిటెతో కావాలనే గట్టిగా గీకింది.

"టెస్టేనండీ," అంది టానియా. "బాగా వినపడుతోంది." సంతకం పెట్టి కాగితం చింపి ఇచ్చింది. తర్వాత ఐదుగురి టిఫినూ తింది.

ఆమె కారు వంతెన దాటేసరికి ఫోను చచ్చిపోయింది.

కాగితం వేళకి బ్రిజెట్‌కి అందింది, క్లిఫర్డ్‌ని మధ్యాహ్నం మూడింటికి తీసుకొచ్చారు. మంచం ముందుగదిలో, కిటికీ దగ్గర వేసి ఉంది. కొండనీ, అడ్డంగా పైదాకా ఎక్కే గోడనీ చూశాడు. ఆ గోడ ఆయన కట్టిందే. తర్వాత మెడలో మీటని వేళ్ళతో తడిమి చూసి, నొక్కాడు. ఏ చప్పుడూ రాలేదు. ఇంకోసారి నొక్కాడు.

బ్రెండా దిండు సర్దడం ఆపింది. "మంచు ఉంటేనే పలుకుతుంది," అంది.

క్లిఫర్డ్ ఆమెని తేరిపార చూశాడు. ఊపిరి కోసం ఆగాగి నవ్వాడు. "ఫ్రిజ్ పుస్తకంలో ఒక్క దొంగ అంకె వేసి ఎరగవు నువ్వు."

"ఇప్పుడు వేశాను."

"మరి నేను పిలిస్తే?"

"వినపడేంత దూరంలోనే ఉంటాను."

అలాగే ఉంది. బొగ్గు తేవడానికి వెళితే తలుపు తెరిచి ఉంచేది. స్నానాల గదిలో నీళ్ళు పెద్దగా వదిలేది కాదు. పడక్కుర్చీలో కూర్చుని, ఆక్సిజన్ యంత్రం చప్పుడులో తేడా వస్తే లేచేది. ఒక రాత్రి విడిచి ఒక రాత్రి రేమండ్ వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు, ఆమె పైకి వెళ్ళి పడుకునేది. కుర్చీలో కూర్చోకూడదని ఏ రూల్లోనూ లేదు కదా అన్నాడు మొదటి రాత్రి. కిటికీ వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. అక్కడ్నించి స్తంభం కనపడుతుంది.

"కళ్ళెదురుగా ఉన్నదాన్ని చూడకుండా ఉండటం కష్టంరా," అన్నాడు క్లిఫర్డ్. "నేను కట్టిన గోడ పడిపోతే నేనూ ఆ దార్లో వెళ్ళను."

ఆ తర్వాతి గురువారం రేడియోలో వార్త వచ్చింది. తీగల విభాగాన్ని విడగొట్టడం లేదు. తల్లి కంపెనీలోనే ఉంటుంది. కానీ దానికి సొంత పెద్దలుంటారు, మధ్యలో గోడ ఇంకా ఎత్తు చేస్తారు.

"ఎవరు కడతారట?" అన్నాడు క్లిఫర్డ్. ఆ రోజు ఒక్కో మాటకీ ఊపిరి తీసుకోవలసి వచ్చింది. "గోడంటే రెండు ముఖాలు. మధ్యలో అడ్డరాళ్ళు పెట్టాలి, ఈ ముఖం నించి ఆ ముఖానికి. అవి పెట్టకపోతే... మొదటి మంచుకే పొట్ట ఉబ్బుతుంది."

"పెన్షన్ అలాగే ఉంటుందన్నారు," అన్నాడు రేమండ్. ఎవరితోనో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు.

"మంచిది," అన్నాడు క్లిఫర్డ్, మనసులోంచే.

మంగళవారం, ఇంటికొచ్చిన పన్నెండో రోజు, తెల్లవారినప్పటి నించి సన్న వాన. పొద్దున క్లిఫర్డ్ టీ తాగలేదు. పదింటికి ఊపిరి మధ్యలో ఆగడం మొదలైంది. ఒకటి, పెద్ద విరామం, ఇంకొకటి. బ్రెండా కోటు వేసుకుని, బొత్తాలు పెట్టుకుని, చిల్లర గుప్పిట్లో పట్టుకుంది. ఫోను పెట్టె దాకా అరమైలు. వెళ్ళడానికి తొమ్మిది నిమిషాలు, పరిగెత్తితే ఆరు. డాక్టరు రావడానికి నలభై. అంబులెన్సైతే ఇంకా ఎక్కువ. వస్తే తీసుకెళతారు.

క్లిఫర్డ్ చెయ్యి దుప్పటి మీద కదిలింది. తలుపు వైపు చూసి, ఆమె కోటు వైపు చూశాడు.

"ఎక్కడికి?"

"ఫోను చేసొస్తాను. పది నిమిషాలు."

"కూర్చో పిల్లా."

ఆమె కూర్చుంది. కోటు విప్పలేదు. విప్పితే పిలవనని ఒప్పుకున్నట్టవుతుంది. విప్పకపోతే ఇంకా వెళ్ళగలదు. అలా కోటుతోనే గంటసేపు కూర్చుంది. గుప్పిట్లో చిల్లర చెమటకి తడిసింది. కిటికీ అవతల వానలో గోడ నల్లగా మెరుస్తోంది. పదకొండు దాటాక విరామం వచ్చింది, దాని తర్వాత ఇంకొకటి రాలేదు.

యంత్రం మాత్రం ఆగకుండా గాలి పోస్తోంది. దాన్ని ఆపింది. ముక్కు నించి గొట్టం తీసింది. గొట్టం పడ్డ చోట చెంప మీద చార ఉంది. దాన్ని బొటనవేలితో రెండుసార్లు రుద్దింది. తర్వాత ముందు కిటికీ తెరలు దగ్గరికి లాగింది. లోయలో పట్టపగలు ముందుగది తెరలు వేస్తే ఎవరూ ఏమీ అడగరు, టోపీ తీసేసి వెళతారు.

ఇక డాక్టరుకి చెప్పాలి. తమ్ముడికి చెప్పాలి. ఫోను పెట్టె దాకా వెళ్ళాలి. కోటు ఎలాగూ వేసుకునే ఉంది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

వెనక గదిలో ఫోను మోగింది.

ఎనిమిది వారాలుగా వినని చప్పుడు. అది ఏమిటో తెలియడానికి మూడుసార్లు మోగాల్సి వచ్చింది. వెళ్ళి ఎత్తింది.

"అక్కా, నేనే," అన్నాడు రేమండ్. ఊపిరి ఎగదన్నుతోంది, గొంతులో చిన్నప్పటి హుషారుంది. "చీటీ వచ్చింది. నిన్న మధ్యాహ్నం టెస్టు చేశారట, ఫెయిలైంది. పొద్దున నా పేరు మీద పడింది. పెట్టె అంతా తుప్పు, పూర్తిగా మార్చేశా. లైను టెస్టు చేస్తున్నా. వినపడుతోందా?"

"వినపడుతోంది."

"గరగర ఏమైనా?"

"లేదు. చాలా బాగుంది."

"బావని మీట నొక్కమను. అదీ చూసేద్దాం. నేనింకా స్తంభం మీదే..."

అక్కడ ఆగాడు. స్తంభం మీద నించి ముందుగది కిటికీ సూటిగా కనపడుతుంది.

బ్రెండా ఏమీ చెప్పలేదు. అతనూ అడగలేదు. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టలేదు. లైను ఎంత శుభ్రంగా ఉందంటే, స్తంభం పైన గాలి వీస్తున్న చప్పుడు, అతని టోపీ మీద వాన చినుకులు పడుతున్న చప్పుడు, ఆ తర్వాత టోపీ తీసేసిన చప్పుడు ఆమెకి వినపడింది.